హైడ్రోజన్ మీద మోజుంటే ముందు రేడియేటర్ నేర్చుకో

వరంగల్‌లో మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్న తమ్ముడు ఒకరు అడిగారు: "ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్ తీసుకుందామనుకుంటున్నా సార్. అది కెమికల్ వాళ్ల సబ్జెక్టని ఫ్రెండ్స్ అంటున్నారు, నాన్నేమో జావా నేర్చుకో అంటున్నారు. ఏం చేయమంటారు?"

మీ ఫ్రెండ్స్ చెప్పింది సగమే నిజం తమ్ముడూ. ఫ్యూయల్ సెల్ అంటే హైడ్రోజన్‌నీ గాలిలోని ఆక్సిజన్‌నీ కలిపి కరెంటు పుట్టించేది. అందులో రసాయన చర్యని వేగంగా నడిపే క్యాటలిస్టు, ప్రోటాన్లని దాటించే పల్చటి పొర మెంబ్రేన్ వాళ్లవే, ఒప్పుకుంటా. కానీ వేడినీ నీళ్లనీ అదుపు చేయకపోతే ఆ సెల్ ఎక్కువ కాలం బతకదు, ఆ పని అచ్చంగా మనది. కార్లలో పెట్టే, ఆ మెంబ్రేన్ ఉన్న పెమ్ రకం సెల్ హైడ్రోజన్‌లోని శక్తిలో దాదాపు సగాన్ని కరెంటు చేస్తుంది, మిగతాది వేడే. పెట్రోల్ ఇంజన్‌లో అయితే వేడిలో పెద్ద భాగం సైలెన్సర్ గుండా పోతుంది, ఇక్కడ ఆ దారిన పోయేది చాలా తక్కువ కాబట్టి భారమంతా రేడియేటర్ మీదే, అదీ సెల్ నడిచేది 60 నుంచి 80 డిగ్రీల మధ్య, మే నెలలో రామగుండంలో బయటే 45 ఉంటే ఇక తేడా ఎంత మిగిలింది చెప్పు! అందుకే రేడియేటర్ పెద్దదవుతుంది. మామూలు కూలెంట్ పోసినా కుదరదు, దాని గుండా కరెంటు లీకవుతుంది, అయాన్లు తీసేసినది కావాలి.

నీళ్ల సంగతి వరి నారుమడి లాంటిది, ఎండకూడదు, మునగకూడదు. మెంబ్రేన్ ఎండితే ప్రోటాన్లు కదలవు, నీళ్లు ఎక్కువైతే ఆక్సిజన్ వెళ్లే దారులు మూసుకుపోతాయి. కేజీ హైడ్రోజన్ వాడితే 9 కేజీల నీళ్లు పుడతాయి మరి. టయోటా వాళ్లు 2014లో తెచ్చిన మిరాయ్ అనే హైడ్రోజన్ కారులో, తడి అందించే బయటి హ్యూమిడిఫయర్ తీసేసి, లోపల పుట్టిన ఆ నీళ్లతోనే తడి నిలిపారు. నాకు భలే నచ్చిన పని అది.

వరుసగా పేర్చిన సెల్‌ల స్టాక్ మొత్తం నెత్తినేసుకోకు. సెల్‌కీ సెల్‌కీ మధ్య ఉండే బైపోలార్ ప్లేటు ఒక్కటి తీసుకుని, కూలెంట్ చానెళ్లు పాము మెలికల్లా ఉంటే ఏమవుతుంది, సమాంతరంగా ఉంటే ఏమవుతుంది అని ఓపెన్‌ఫోమ్ అనే ఫ్లో సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో పోల్చు. అది ఉచితమే. ప్రెషర్ ఎంత పడిపోతోంది, ప్లేటంతా ఒకే వేడి ఉందా, ఈ రెండూ చూస్తే చాలు. హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థకి చెన్నైలో ఫ్యూయల్ సెల్ కేంద్రం ఉంది, ఇంటర్న్‌షిప్‌కి అడిగి చూడు.

నాన్నగారి టెన్షన్ కూడా న్యాయమైనదే, మన దగ్గర ఫ్యూయల్ సెల్ ఉద్యోగాలు ఇంకా తక్కువే. ఈ ఒక్కదాన్నే నమ్ముకోమని నేను చెప్పను. కానీ ఇదే థర్మల్ పని ఈవీ బ్యాటరీలకీ, డేటా సెంటర్లకీ కావాలి, ఆ మాట ఆయనకి చెప్పు. జావా బదులు పైథాన్ నేర్చుకుంటానని కూడా చెప్పు, ప్రాజెక్టుకీ పనికొస్తుంది, ఆయనా కాస్త శాంతిస్తారు.

అన్నీ రాశావు గానీ, హీట్ ట్రాన్స్‌ఫర్‌లో మార్కులెన్నో మాత్రం రాయలేదు!