క్యోటోలో కొత్తగా చదువుకుంటున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు క్యోటో చేరి పది రోజులైనా విశ్వవిద్యాలయం, గది, ఆ రెంటి మధ్యనున్న కొట్టు తప్ప మరేమీ చూడలేదనీ, భాష కాస్త పట్టుబడ్డాక తిరుగుతానంటున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ ఊళ్లో ఐదేళ్లు చదివినవాడిగా చెబుతున్నాను, తిరిగితేనే భాష పట్టుబడుతుంది. మొదటి చలికాలమంతా వ్యాకరణ పుస్తకం ముందేసుకుని కూర్చున్న నాకు, వసంతంలో బయటికి వచ్చేసరికి దారి అడగడానికి కూడా నోరు పెగలలేదు.

ముందు కాగితాల పని ముగించు. నివాసం కుదిరిన 14 రోజుల్లోగా వార్డు కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. అక్కడే జాతీయ ఆరోగ్య బీమాలో చేరితే వైద్యం ఖర్చులో నీ వాటా 30 శాతమే. జపాన్ రైల్ పాసు మీద ఆశ పెట్టుకోకు, అది పర్యాటకులకే గాని విద్యార్థి వీసా మీద ఉన్నవారికి ఇవ్వరు.

పాత సైకిలొకటి కొనుక్కుని, పోలీసు నమోదు నీ పేరిట చేయించుకో. వానలో గొడుగు పట్టుకుని తొక్కడం అక్కడ నేరం కనుక రెయిన్‌కోటు కూడా కొనుక్కో. నేను ఒకసారి స్టేషను పక్కన అందరూ పెట్టారు కదా అని సైకిలు నిలిపి వెళ్లాను. తిరిగొచ్చి చూస్తే ఒక్క సైకిలూ లేదు, నేల మీద అతికించిన నోటీసు మాత్రం ఉంది. ఊరి చివర దాకా నడిచి, రుసుము కట్టి విడిపించుకున్నాను. ఆ రోజు చదివిన కంజీ అక్షరాలు ఇప్పటికీ మరిచిపోలేదు.

మొదటి షికారు డెమాచియనగి దగ్గర కామో, తకానో నదులు కలిసేచోటికి వెళ్లు. నీళ్లలో అడుగు దూరంలో రాళ్లు పరిచి ఉంటాయి, కొన్ని తాబేలు ఆకారంలో. వాటి మీంచి గెంతుతూ దాటే పిల్లల పక్కన గంటసేపు కూర్చుంటే, తరగతిలో వినని జపనీస్ వినిపిస్తుంది. తెలుగువాళ్లమైన మనకు అక్కడొక సౌకర్యముంది: 'వతాషి వ గోహన్ ఒ తబెమాషిత' అన్న మాటను 'నేను అన్నాన్ని తిన్నాను' పక్కన పెట్టి చూడు, పదాల వరుస ఒకటే, విభక్తి కూడా మాట వెనకే వస్తుంది. ఇంగ్లీషులో ఆలోచించి మార్చుకోకుండా తెలుగులోంచే నేరుగా వెళ్లు.

తర్వాత ఫుషిమి ఇనారి ఆలయం. క్యోటో స్టేషనులో నారా లైను ఎక్కితే రెండో స్టేషనే. ప్రవేశ రుసుము లేదు, రాత్రింబవళ్లు తెరిచే ఉంటుంది కనుక ఉదయం ఆరింటికల్లా చేరుకో. ఎర్రటి ద్వారాల కింద జనమంతా ఫొటోలు దిగి మొదట్లోనే వెనుదిరుగుతారు. నువ్వు 233 మీటర్ల ఆ కొండ పైదాకా ఎక్కితే పాకుడు పట్టిన చిన్న గుళ్లూ, రాతి నక్కలూ, నీ అడుగుల చప్పుడూ మిగులుతాయి.

తినేదానికి కొట్లో ఒనిగిరి, అంటే అన్నం ముద్ద, కొనుక్కో. ఉమెబోషి అనే ఊరబెట్టిన పుల్లటి పండు పెట్టినదైతే ఊరబెట్టిన ఉసిరికాయ గుర్తొస్తుంది. పొట్లం మీద 1, 2, 3 అంకెలుంటాయి, ఆ వరుసలోనే లాగితే సముద్రపు నాచు పొర చిరగకుండా అన్నానికి చుట్టుకుంటుంది. నువ్వు శాకాహారివి కనుక హోటల్లో 'నికు' వద్దని మాత్రమే చెప్పి ఊరుకోకు. ఆ మాటకు మాంసమనే అర్థం, చేప నుంచి తీసిన దాషి రసం మాత్రం కూరగాయల వంటకాల్లోనూ చేరుతుంది.

ఇనారికి వెళ్లిన ఆ రైలు లైనులోనే ఇంకా ముందుకు వెళ్తే నారా నగరం. తోదైజి ఆలయంలోని మహాబుద్ధ విగ్రహానికి 752లో కళ్లు దిద్ది నేత్రోన్మీలనం చేసినవాడు మన దేశం నుంచి వెళ్లిన బోధిసేనుడనే భిక్షువు. ఆయన పట్టిన కుంచెకు పొడవాటి దారాలు కట్టి, వచ్చినవాళ్లంతా వాటిని పట్టుకున్నారట. ఆ విగ్రహం ముందు నిలబడితే, ఈ దేశానికి మొదట వచ్చిన భారతీయురాలిని నేనే అన్న బెంగ కాస్త తగ్గుతుంది. ఎర్రాకులు నవంబరు రెండో సగంలో వస్తాయి, అప్పటికి సాయంత్రం ఐదు కాకముందే పొద్దుగుంకుతుంది కనుక పెందలాడే బయలుదేరు.

నారాలో జింకలకు బిస్కెట్లు అమ్ముతారు. అవి అయిపోగానే ఖాళీ చేతులు చూపించి, సంచి గట్టిగా మూసుకో. నా దగ్గరున్న ఊరి పటాన్ని సగం నమిలేశాయి. నీ దగ్గర ఏం లాక్కున్నాయో తిరిగొచ్చాక రాయి.

ఇట్లు,
నీ మామయ్య