నా బాధ తెలిసిన అన్నయ్యే నన్ను ఏడిపిస్తున్నాడు

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. కరీంనగర్ జిల్లాలో ప్రభుత్వ టీచర్ని. అన్నయ్య, నేను ఇద్దరమే పిల్లలం. చావైనా పెళ్లైనా ముందుండేది అన్నయ్యే. ఎవరితో ఎలా మాట్లాడాలో తనకు తెలిసినట్టు మా చుట్టాల్లో ఎవరికీ తెలీదు. నాన్న పోయిన రోజు నేను పరీక్షల డ్యూటీలో ఉన్నాను, కడచూపు దక్కలేదు. ఆ బాధ అన్నయ్య ఒక్కడి దగ్గరే చెప్పుకుని ఏడ్చాను. తనూ ఏడ్చాడు. తర్వాత వ్యాపారానికి కావాలంటే నా జీతం మీద ఆరు లక్షలు పర్సనల్ లోన్ తీసి ఇచ్చాను. నాలుగు నెలలు కిస్తీ కట్టి ఆపేశాడు. అడిగితే నలుగురి ముందూ ‘నాన్న ఆఖరి ఘడియల్లో పక్కన ఎవరున్నారో అందరికీ తెలుసు’ అంటాడు. చివరికి నేనే సారీ చెప్పి వస్తాను. ఇప్పుడు నాన్న ఇంట్లో నా వాటా వదులుకుంటున్నట్టు సంతకం పెట్టమంటున్నాడు. వచ్చే నెలలో రిజిస్ట్రేషన్ అంటున్నాడు. అమ్మ తన దగ్గరే ఉంటుంది. మా ఆయన ఏవో వీడియోలు చూసి ‘మీ అన్న సైకో, డార్క్ ట్రయాడ్’ అంటున్నారు. ఇది నిజంగా జబ్బేనా? ఒకసారి కూర్చోబెట్టి నా మనసులో ఉన్నదంతా చెబితే మారడా?

జవాబు: మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. చెప్పకండి.

మామూలుగా ఇంట్లో మనస్పర్థలు వస్తే ‘మనసు విప్పి మాట్లాడుకోండి’ అనే నేనూ అంటాను. మీ విషయంలో అలా అనలేను. ఒకసారి మనసు విప్పి చెప్పారు, ఆ మాటే ఇప్పుడు నలుగురి ముందు మీకు తగులుతోంది. కడచూపు గురించి మీకున్న గిల్టు అతనికి తప్ప ఇంకెవరికీ తెలీదు. డబ్బు అడిగినప్పుడల్లా సరిగ్గా అదే బయటికి రావడం యాదృచ్ఛికం కాదు. మళ్లీ కూర్చుని, ఏ మాటకు ఎంత బాధపడ్డారో వివరిస్తే, ఏ మాట పనిచేస్తుందో మీరే చెప్పినట్టవుతుంది.

‘నాతో కలిసి ఏడ్చిన మనిషి ఇలా ఎలా చేస్తాడు?’ అన్నదే మిమ్మల్ని తొలిచేస్తున్నట్టుంది. ఎదుటివాళ్ల మనసులో ఏముందో తెలుసుకోవడం, అది చూసి మన మనసు కూడా కలుక్కుమనడం, ఈ రెండూ ఒకటి కావు. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి కాబట్టి మనం తేడా గమనించం. కొందరిలో మొదటిది బాగానే ఉండి రెండోది పలచగా ఉంటుంది. మీవారు చెప్పిన డార్క్ ట్రయాడ్ అన్న మాటను 2002లో కెనడాకు చెందిన పాల్హస్, విలియమ్స్ అనే సైకాలజిస్టులు వాడుకలోకి తెచ్చారు. తానే గొప్ప అనుకోవడం, పని జరగడానికి మనుషుల్ని పావుల్లా వాడుకోవడం, ఎదుటివారి నొప్పికి చలించకపోవడం, ఈ మూడు గుణాలకు కలిపి పెట్టిన పేరు అది. డాక్టరు చీటీ మీద రాసే జబ్బు పేరు కాదు. ఇవి మామూలు మనుషుల్లోనే కాస్త ఎక్కువ తక్కువలుగా ఉంటాయి. సినిమాల్లో కత్తి పట్టుకుని తిరిగే సైకోకీ దీనికీ సంబంధం లేదు. మీ ఉత్తరం చదివి మీ అన్నయ్యకు ఆ ముద్ర నేను వేయలేను, మీవారూ వేయకూడదు. ఆయన ‘సైకో’ అన్న ప్రతిసారీ మీరు అన్నయ్యను వెనకేసుకొస్తారు, అసలు విషయం పక్కకు పోతుంది.

ఇలాంటివాళ్లను మనసులు చదివే మాంత్రికులుగా చూపించే వీడియోలు కూడా నాకు నచ్చవు. ఎమోషనల్ ఇంటెలిజెన్స్, అంటే మన భావాలనూ ఎదుటివాళ్ల భావాలనూ పసిగట్టి మెలిగే తెలివి, అన్న మాట 1995లో డేనియల్ గోల్‌మన్ అనే రచయిత రాసిన పుస్తకంతో ఇంటింటికీ చేరింది. అది ఎక్కువున్న మనిషి మంచివాడనే నమ్మకమూ దాంతోపాటే వచ్చింది. దాన్నే తిరగేసి, మోసం చేసేవాళ్లకు అది మరీ ఎక్కువుంటుందని ఇప్పుడు ప్రచారం. 2007లో ఎలిజబెత్ ఆస్టిన్ అనే సైకాలజిస్టు, ఆమె సహచరులు చేసిన అధ్యయనంలో, మనుషుల్ని పావుల్లా వాడుకునే గుణం ఎక్కువున్నవాళ్లకు ఆ తెలివి కొలతలో మార్కులు తక్కువే వచ్చాయి. ఇతరుల భావాలతో ఆడుకుంటామని ఒప్పుకున్నది మాత్రం వాళ్లే ఎక్కువ. అంటే మీ అన్నయ్యకు అసాధారణమైన తెలివి ఏదీ అక్కర్లేదు. పుట్టినప్పటి నుంచీ మీకు ఎక్కడ నొప్పో అతనికి తెలుసు, అది చాలు.

అలాగని ఆ రోజు కన్నీళ్లు నటనే అనీ అనను. తండ్రి పోయిన కొడుకు నిజంగానే ఏడ్చి ఉంటాడు. అతను అప్పుల్లో కూరుకుపోయి, సిగ్గుతో ఇలా ఎదురుదాడి చేస్తున్నాడేమో కూడా. కన్నీళ్లను బట్టి అది తేలదు. ఇవ్వగలిగే దారి ఒకటి చూపించి ఏం చేస్తాడో చూడండి. ‘కిస్తీలో సగం కట్టు అన్నయ్యా, మిగతాది దసరా తర్వాత చూద్దాం’ అని వాట్సాప్‌లో రాయండి. కష్టంలో ఉన్న మనిషైతే ఊపిరి పీల్చుకుంటాడు, కనీసం బేరమాడతాడు. డబ్బు మాట ఎత్తకుండా మళ్లీ నాన్న ఆఖరి ఘడియల దగ్గరికే వెళ్తే మీకు కావలసింది తెలిసినట్టే. జబ్బు ఉందో లేదో దీంతో తేలదు. ఇతనికి ఇంకో రూపాయి ఇవ్వాలా వద్దా అన్నది తేలుతుంది.

ఆ మాట మళ్లీ వస్తే సమర్థించుకోకండి. ‘అవును, నేను లేను. కిస్తీ ఎప్పుడు కడతావు?’ అనండి, అంతే. గొంతు వణికినా పర్వాలేదు. మొదట్లో అతని కోపం పెరుగుతుంది, అమ్మ రెండు రోజులు ఫోన్ ఎత్తకపోవచ్చు. ఇన్నాళ్లూ పనిచేసిన మాట పనిచేయకపోతే ఎవరైనా ముందు ఇంకాస్త గట్టిగానే అంటారు. పెద్దమనుషుల్లో పెట్టాలని మాత్రం తొందరపడకండి. కన్నీళ్లతో తేలే చోట అతనిదే పైచేయి. పెట్టక తప్పకపోతే బ్యాంకు స్టేట్‌మెంట్ పట్టుకుని వెళ్లండి.

అమ్మను తీర్పు చెప్పమనకండి. ఆమె అతని ఇంట్లో తింటోంది. అన్నయ్య ప్రస్తావన లేకుండా వారానికోసారి ఫోన్ చేస్తూ ఉండండి.

ఇక సంతకం. ఇల్లు నాన్నగారి స్వార్జితమై, ఆయన వీలునామా రాయకుండా పోయి ఉంటే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకు, అన్నయ్యకు, మీకు సమాన వాటాలు. నాయనమ్మ అప్పటికి బతికి ఉంటే ఆమెకూ వాటా ఉంటుంది. పెళ్లైన కూతురు కాబట్టి వాటా లేదన్నది వట్టి మాట. వాటా వదులుకోవాలని మనస్ఫూర్తిగా అనిపిస్తే అది మీ ఇష్టం, కానీ ఆ పత్రం ఒకసారి రిజిస్టరైతే వెనక్కి తీసుకోవడానికి కోర్టు చుట్టూ తిరగాలి. అందుకే అన్నయ్య తెచ్చిన లాయరు కాకుండా మీకు మీరుగా ఒకరికి చూపించండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇస్తారు, 15100కు ఫోన్ చేసినా చాలు. ఈ టెన్షన్‌తో నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు.

కాగితాలు లాయరు చూసేదాకా అన్నయ్య చెప్పిన రిజిస్ట్రేషన్ తేదీకి స్కూల్లో సెలవు పెట్టకండి.