'ధ్యానం కూడా నా చేత కావడం లేదు'

ప్రశ్న: మాది పొందూరు దగ్గర పల్లె. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. వయసు 36. మావారికి విశాఖలో ఉద్యోగం, శనివారం రాత్రి వస్తారు. ఇక్కడ నేను, అత్తయ్యగారు, ఇద్దరు పిల్లలం. ఎక్కడ ఏం తేడా వచ్చినా నా వల్లే అనిపిస్తుంది. ఆయన ఫోన్ ఎత్తకపోయినా, అత్తయ్యగారు ముభావంగా ఉన్నా, హెడ్‌మాస్టరు ఒకసారి రమ్మన్నా గుండె దడే. చిన్నప్పుడు మా నాన్న ప్రతిదానికీ 'ఈ గుంట వల్ల ఏటీ అవ్వదు' అనేవారు. ధ్యానం చేస్తే ఆలోచనలు మారతాయని విని, మూడు వారాలుగా ఉదయం 5 గంటలకు లేచి వీడియో పెట్టుకుని అరగంట కూర్చుంటున్నాను. కునుకు పడుతోంది. లేదంటే ఆలోచనలు ఇంకా ఎక్కువవుతున్నాయి. ధ్యానం కూడా నా చేత కావడం లేదు. మానేయమంటారా?

జవాబు: మానేయొద్దు. కానీ మీరు చేస్తున్న పద్ధతి మాత్రం మార్చాలి. దానికి ముందు, మీరు రాసిన 'ధ్యానం కూడా నా చేత కావడం లేదు' అన్న వాక్యాన్ని ఒకసారి పైకి చదవండి. అందులో 'కూడా' అన్న మాట ఎక్కడిది? అది మీ నాన్నగారి మాటే. ముప్పై ఏళ్లుగా వంట మీద, చదువు మీద, కాపురం మీద వాలిన ఆ మాట ఇప్పుడు ధ్యానం మీద వాలింది. ఏ ఆలోచనను మార్చుకుందామని కూర్చున్నారో అదే వచ్చి మీ ఎదురుగా నిలబడితే, మీరు దాన్ని మార్కుల జాబితా అనుకుని లేచి వచ్చేస్తున్నారు.

ముందు కునుకు సంగతి. రాత్రి పదకొండు దాటాక పడుకుని ఐదింటికి లేచే మనిషి కళ్లు మూసుకుంటే నిద్రే వస్తుంది. అందులో మీ తప్పేమీ లేదు. ఉదయం కుక్కర్ హడావుడిలో కాకుండా, స్కూలు నుంచి వచ్చి ముఖం కడుక్కున్నాక, టీ పెట్టకముందు కూర్చోండి. 10 నిమిషాలు చాలు. కుర్చీలో అయినా ఫరవాలేదు. పాదాలు నేలకు ఆనాలి, వీపు వెనక్కి వాలకూడదు. కళ్లు పూర్తిగా మూయకుండా, మూడు నాలుగు అడుగుల దూరంలో నేల మీద చూపు నిలపండి. వీడియో వద్దు, అలారం పెట్టుకోండి. వీడియోలో గొంతు మాట్లాడుతున్నంతసేపూ మీ మనసును అదే లాక్కొస్తుంది, మీరు వెనక్కి తెచ్చుకోవడం నేర్చుకోరు.

ఊపిరి వదిలినప్పుడల్లా ఒకటి, రెండు అని పదిదాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టండి. మధ్యలో మనసు స్కూలుకో విశాఖకో వెళ్లిపోతుంది. గుర్తొచ్చిన క్షణంలో 'ఆలోచన' అనుకుని ఒకటి దగ్గరకు రండి. పదికి చేరడం లక్ష్యం కాదు. మీ పొందూరులో నూలు వడికేవాళ్లను చూసే ఉంటారు. పోగు తెగితే రాట్నాన్ని తిట్టరు, అతికి మళ్లీ తిప్పుతారు. ముప్పైసార్లు తెగి ముప్పైసార్లు అతికితే ఆ పూట బాగా సాగినట్టే.

ఆలోచనలు ఎక్కువవడానికి కారణం వేరు. కొంతవరకు అవి పెరగలేదు, రోజంతా పనుల చప్పుడులో వినపడనివి ఇప్పుడు వినపడుతున్నాయి. మిగతాది వాటిని తోసేయాలనే ప్రయత్నం వల్ల. 1987లో డేనియల్ వెగ్నర్ అనే అమెరికా మనస్తత్వవేత్త కొందరు విద్యార్థులకు ఐదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటి గురించి తలచుకోవద్దని, వస్తే గంట కొట్టమని చెప్పారు. గంటలు మోగుతూనే ఉన్నాయి. ఆ తర్వాత తలచుకోవచ్చని చెప్పగానే, మొదటి నుంచీ తలచుకోమన్నవాళ్ల కంటే వీళ్లకే అది ఎక్కువగా వచ్చింది.

కాబట్టి తోయకండి, పేరు పెట్టండి. రెండు వారాలు ఉత్త లెక్క మాత్రమే చేయండి. మూడో వారం నుంచి 'నా వల్లే' అన్న ఆలోచన వచ్చినప్పుడు 'ఇదిగో, నాన్న మాట' అనుకోండి. పుస్తకాల తెలుగులో వద్దు. అది మీ చెవిలో మొదట ఏ యాసలో పడిందో ఆ యాసలోనే వినండి: 'ఈ గుంట వల్ల ఏటీ అవ్వదు.' అలా వింటే అది నిజంలా కాక ఒకరు అన్న మాటలా వినిపించడం మొదలవుతుంది. ఆ సమయంలో ఒంట్లో ఎక్కడ పట్టేసిందో చూడండి: గొంతా, గుండెలా, కడుపా? మూడు ఊపిర్లసేపు అక్కడే ఉండి మళ్లీ ఒకటికి రండి. ఆ బిగువు పోవాలని ఎదురుచూడొద్దు. ఎదురుచూస్తే అదీ తోయడమే.

అసలు పని ఆ 10 నిమిషాల తర్వాత ఉంటుంది. ఆయన ఫోన్ ఎత్తలేదనుకుందాం. బహుశా మీరు మళ్లీ మళ్లీ చేసి, ఎత్తాక 'నా మీద కోపమా?' అని అడుగుతుంటారు. ఆయన 'అదేం లేదు' అనగానే కాస్త ఊరట. ఆ ఊరటే ఈ అలవాటును పెంచుతోంది, ఎందుకంటే అడగకపోతే తట్టుకోలేనని మనసు నేర్చుకుంటుంది. ఒక్కసారి చేయండి, ఒక మెసేజ్ పెట్టండి, అరగంట ఆగండి. మొదటి పది నిమిషాలు చాలా కష్టంగా ఉంటుంది. మూడు ఊపిర్లు లెక్కపెట్టి చేతిలో పనికి వెళ్లండి.

రాత్రి ఒక నోటుపుస్తకంలో మూడే ముక్కలు రాయండి. జరిగింది: 8.20కి ఫోన్ చేశాను, ఎత్తలేదు. మనసు చెప్పింది: నిన్న నేనన్నదానికి అలిగారు. తర్వాత తెలిసింది: ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి భోజనానికి వెళ్లారు. మూడోది మర్నాడైనా నింపాలి. చాలామంది మొదటి రెండూ రాసి దీన్ని వదిలేస్తారు, అప్పుడది ఏడుపుల పుస్తకం అవుతుంది. కొన్నిచోట్ల నిజంగా తప్పు మీదే అని తేలుతుంది. అప్పుడు ఒక్కసారి క్షమించమని అడిగి ఊరుకోండి. నాలుగుసార్లు అడగక్కర్లేదు.

'నేను గొప్పదాన్ని, నాకన్నీ వచ్చు' అని రోజూ వందసార్లు అనుకోమని ఎవరైనా చెప్తే వినకండి. తమ మీద తమకు నమ్మకం తక్కువున్నవాళ్లు అలాంటి మాటలు వల్లిస్తే మనసు ఇంకా కుంగుతుందని 2009లో కెనడాలో జరిగిన పరిశోధనలో తేలింది. లోపలినుంచి 'అబద్ధం' అన్న జవాబు వస్తూంటుంది మరి.

ఎన్నాళ్లు పడుతుంది? శ్వాసను గమనించే ఈ సాధన బౌద్ధుల ఆనాపానసతి. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద ఆరామాలున్న మన ప్రాంతానికి ఇదేమీ విదేశీ సరుకు కాదు. 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ అనే శాస్త్రవేత్త ఇలాంటి సాధనతో ఆసుపత్రి రోగుల కోసం మొదలుపెట్టిన శిక్షణ, తర్వాత 8 వారాలదిగా స్థిరపడింది. మీరూ 8 వారాల గడువు పెట్టుకోండి. లండన్‌లో అలవాట్ల మీద జరిగిన ఒక అధ్యయనంలో ఒక చిన్న పని అలవాటుగా మారడానికి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా పట్టవచ్చని, సగటున 66 అని తేలింది. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్ద నష్టం లేదని కూడా అందులోనే ఉంది. తప్పిన మర్నాడు అరగంట కూర్చుని బాకీ తీర్చకండి. మామూలు 10 నిమిషాలే.

కూర్చున్నప్పుడు ఊపిరాడనట్టు, పాత భయం ఏదో మీదపడినట్టు అనిపిస్తే ఆపేసి లేచి నడవండి, పట్టుదలకు పోవద్దు. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి దెబ్బతిన్నా, బతుకు మీద విరక్తి పుట్టినా ఇది ధ్యానంతో సరిపోయే విషయం కాదు. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్యులను కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కి ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఇక అత్తయ్యగారి విషయం. ఆవిడ నిజంగానే సూటిపోటి మాటలు అంటూంటే వాటిని భరించడానికి ధ్యానాన్ని వాడకండి. మీవారు వచ్చినప్పుడు ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన సంగతి అది. మీ ఉత్తరంలో మాత్రం ఆవిడ ముభావంగా ఉన్నారనే ఉంది, ఏమన్నారో లేదు. ఈసారి ఆవిడ అలా కూర్చున్నప్పుడు 'నా మీద కోపమా?' అని కాకుండా 'ఒంట్లో బాగోలేదా అత్తయ్యా?' అని అడిగి చూడండి. వచ్చిన జవాబును నోటుపుస్తకంలో మూడోదాని కింద రాసుకోండి.