విన్యాసాల విమానమైనా తక్కువ ఎత్తులో ఎందుకు కూలుతుంది?

ప్రశ్న: 1980 జూన్ 23న ఢిల్లీలో పిట్స్ ఎస్-2ఏ విమానం కూలి సంజయ్ గాంధీ, కెప్టెన్ సుభాష్ సక్సేనా చనిపోయారు. అది విన్యాసాల కోసమే తయారైన విమానం కదా! మరి తక్కువ ఎత్తులో అంత ప్రమాదం ఎందుకు?
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: విమానం ఎంత గట్టిదైనా రెక్కలు విరగకుండా చూస్తుందంతే. కింద చోటు లేకపోతే అదేం చేయలేదు.

లూప్‌లో (గాలిలో నిలువుగా గుండ్రంగా తిరిగే విన్యాసం) ముక్కు నిట్టనిలువుగా నేలకు తిరిగింది, వేగం 120 నాట్లు (గంటకు సుమారు 220 కి.మీ.) అనుకోండి. సెకనుకు 200 అడుగులు కిందికి వచ్చేస్తుంది. 4జీతో, అంటే మామూలు బరువుకు నాలుగు రెట్ల భారం పడేలా, స్టిక్ (విమానాన్ని నడిపే కర్ర) లాగినా, నేలకు సమాంతరంగా రావడానికి దాదాపు 400 అడుగులు కావాలి. పైలట్ ఒక్క సెకను తటపటాయిస్తే 600. ఆ సమయానికి ఎత్తు 500 అడుగులే ఉంటే ఇక దారి లేదు.

నేల మీదికి వస్తుంటే ఎవరైనా ఇంకా గట్టిగా లాగుతారు. అసలు ముప్పు అదే. మామూలుగా 50 నాట్ల దగ్గర స్టాల్ అయ్యే (రెక్కలు గాలిలో పట్టు కోల్పోయి విమానాన్ని మోయలేకపోయే) విమానం 4జీలో 100 నాట్లకే, 6జీలో 122 నాట్లకే స్టాల్ అవుతుంది. అప్పుడు ఒక రెక్క ముందుగా కిందికి వాలిపోతే స్పిన్, అంటే గిరగిరా తిరుగుతూ కిందికి పడటం, మొదలవుతుంది.

స్పిన్ నుంచి బయటపడాలంటే థ్రాటిల్ (ఇంజిన్ శక్తి) పూర్తిగా తగ్గించి, ఐలరాన్లు (రెక్కల చివర కదిలే పలకలు) మధ్యలో ఉంచి, తిరిగే దిశకు ఎదురు రడ్డర్ (తోక మీది చుక్కాని) పెడల్ పూర్తిగా తొక్కి, స్టిక్ ముందుకు నెట్టాలి. తిరగడం ఆగాకే రడ్డర్ వదిలి మెల్లగా పైకి లేపాలి. ఇదంతా సరిగ్గా చేసినా, శిక్షణకు వాడే చిన్న విమానం సెస్నా 152లో ఒక్క చుట్టుకే కనీసం 1,000 అడుగులు పోతాయని లెక్కవేసుకోవాలి.

అమెరికాలో ప్రత్యేక అనుమతి లేకుండా 1,500 అడుగుల కింద విన్యాసాలు చేయకూడదు. నేర్చుకునేవాళ్లకు అదీ చాలదు. స్పిన్ నుంచి తేరుకోవడం 4,000 అడుగుల పైనే పూర్తి కావాలని సెస్నా 152 మాన్యువల్ సూచిస్తుంది.