పాత స్పీకర్లు కొనబోయే మేనల్లుడికి

చి. కిరణ్‌కి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన సోనోడైన్ స్పీకర్ల ఫోటోలు చూశాను. కలకత్తా కంపెనీ, పాత సరుకు గట్టిదే. పెట్టె పాలిష్ చూసి మాత్రం అడ్వాన్స్ ఇచ్చేయకు. ముందున్న గుడ్డ జాలీ తీసి చూపించమను.

కోన్, అంటే కదులుతూ శబ్దం పుట్టించే గరాటులాంటి పొర, దాని చుట్టూ ఉన్న అంచు రబ్బరుదా, ఫోమ్‌దా చూడు. ఫోమ్ అయితే 15, 20 ఏళ్లకి మన ఉక్కకి పొడిపొడిగా రాలిపోతుంది. అలా ఉందని వదులుకోనక్కర్లేదు, అంచు కొత్తది వేయించొచ్చు. ఆ ఖర్చు మాత్రం ధరలో తగ్గించమను. ఆ తర్వాత కోన్‌కి రెండు వైపులా వేళ్లు ఆనించి సమానంగా, మెల్లగా నొక్కు. చప్పుడు లేకుండా వెళ్లి రావాలి. గరగరమంటే లోపల కోన్‌ని కదిలించే తీగచుట్ట, వాయిస్ కాయిల్, రాసుకుంటోందన్నమాట. అప్పుడు ఇక బేరం కూడా ఆడకుండా వచ్చెయ్.

ఓమ్‌లు కొలిచే మల్టీమీటర్ పట్టుకెళ్లు. 8 ఓమ్‌ల స్పీకర్ మీటర్లో 6 దగ్గర చూపిస్తుంది, కంగారు పడకు. అయితే పెట్టె వెనకాల కొలిస్తే తెలిసేది బాస్ పలికే పెద్ద స్పీకర్, ఊఫర్ సంగతే. సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకర్, ట్వీటర్‌కి ముందు మీటర్ కరెంటుని ఆపేసే కెపాసిటర్ ఉంటుంది కాబట్టి అది కాలిపోయినా మీటర్ చెప్పదు. మోసాలన్నీ అక్కడే! నీకు బాగా తెలిసిన పాట పెట్టించి, టోన్ నాబ్‌లు మధ్యలో ఉంచి, ఒక్కో స్పీకర్‌నీ విడిగా విను. ట్వీటర్ దగ్గర చెవి పెడితే తాళాలు, గజ్జెలు స్పష్టంగా వినపడాలి. బాస్ పెంచి ఊదరగొట్టే అమ్మకందారుని నేనైతే నమ్మను.

డల్లాస్ నుంచి మీ అక్క పాత రిసీవర్ (రేడియో కలిసిన యాంప్లిఫయర్), టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) తెస్తానందట. అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230. రిసీవర్ వెనక వోల్టేజ్ సెలెక్టర్ లేకపోతే వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనక తప్పదు. టర్న్‌టేబుల్‌తో ఇంకో తిరకాసు ఉంది. పాతవాటిలో చాలావరకు ఏసీ సింక్రనస్ మోటార్లు, కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరుగుతాయి. అక్కడ 60 హెర్ట్జ్, మనది 50. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీనే మారుస్తుంది, ఫ్రీక్వెన్సీ జోలికి పోదు. నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన రికార్డు 28 దగ్గరే తిరుగుతుంది. సుశీలమ్మ పాటైనా నీరసంగా సాగుతుంది. డీసీ మోటారుదైతే తెమ్మను, లేదంటే దాని సూట్‌కేసులో ఇంకేమన్నా పెట్టుకోమను.

ఏళ్ల తరబడి మూలనపడ్డ యాంప్లిఫయర్‌ని నేరుగా ప్లగ్‌లో పెట్టొద్దు. పని తెలిసిన మెకానిక్ చేత 100 వాట్ల ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో, అంటే కరెంటు బల్బు గుండానే యాంప్లిఫయర్‌కి వెళ్లేలా, వేయించి ఆన్ చేయించు. ఎల్ఈడీ పనికిరాదు. బల్బు ఒకసారి వెలిగి మసకబారితే ఫరవాలేదు. ధగధగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉంది. వాల్యూమ్ నాబ్ తిప్పితే వచ్చే బరబర చిన్న విషయం. కోఠి గుజరాతీ గల్లీలో కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే అడుగు.

వైర్లు ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి కలుపు. ఒకదానికి తిరగబడితే రెండు ఊఫర్లూ ఎదురుబొదురుగా కదిలి బాస్ మాయమైపోతుంది. పెట్టెల్ని గది మూలకి నెట్టకుండా గోడకి కాస్త ఎడంగా, ట్వీటర్ నీ చెవి ఎత్తులో ఉండేలా పెట్టు. వాటి మీద మనీప్లాంట్ కుండీ పెట్టొద్దని మా అక్కతో నేను చెప్పానని చెప్పు.

నీ మామయ్య