వడగట్టిన నీటిని వెనక్కి తేవడానికే ఆ శక్తి

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోస్తాను. ఎండాకాలం ఎన్ని నీళ్లు తాగినా మూత్రం కొద్దిగా, ముదురు పసుపు రంగులో వస్తుంది. మూత్రం తయారీకి కిడ్నీలు శక్తి ఖర్చు చేస్తాయని ఇంటర్ బైపీసీ చదివే మా బిడ్డ అంటున్నది. ఒంట్లో శక్తి తగ్గి మూత్రం తగ్గుతున్నదా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీ అమ్మాయి చెప్పినదాంట్లో సగం నిజముంది. రక్తాన్ని వడగట్టే పనికి మూత్రపిండాలు తమ శక్తిని వాడవు. గుండె పుట్టించే రక్తపు ఒత్తిడే ఆ పని చేస్తుంది. ఆరోగ్యవంతుల్లో రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవం అలా వడపోతకు గురైతే, మూత్రంగా బయటికి వచ్చేది లీటరున్నర, రెండు లీటర్లే. మిగిలినదాన్ని తిరిగి రక్తంలోకి చేర్చడానికే అసలు శక్తి ఖర్చవుతుంది. శరీర బరువులో అర శాతం కూడా లేని మూత్రపిండాలు, విశ్రాంతి వేళ ఒళ్లు వాడే ఆక్సిజన్‌లో 7 నుంచి 10 శాతం దాకా వాడుకోవడం ప్రధానంగా ఇందుకే.

వడగట్టిన ద్రవం పారే, మూత్రపిండంలోని సన్నని గొట్టాలైన మూత్రనాళికల గోడకణాల్లో రక్తం వైపున ఉండే సోడియం–పొటాషియం పంపు, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువును ఒక్కొక్కటిగా ఖర్చుచేసి 3 సోడియం అయాన్లను బయటకు పంపి, 2 పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ 1957లో వెల్లడించిన ఈ పంపుకు 1997లో నోబెల్ బహుమతి దక్కింది. కణంలో సోడియం తగ్గిన కొద్దీ నాళికలోని సోడియం గ్లూకోజ్‌ను, అమైనో ఆమ్లాలను వెంటబెట్టుకొని లోపలికి వస్తుంది. నీరు ఉప్పును అనుసరిస్తుంది. నాళికలో U ఆకారంలో వంగి ఉండే హెన్లీ శిక్యపు ఆరోహణ (పైకి వెళ్లే) భాగంలో మాత్రం ఉప్పు బయటికి పోతుంది కానీ నీరు పోలేదు, అందువల్ల మూత్రపిండం లోపలి భాగం ఉప్పగా తయారవుతుంది. చెమట ఎక్కువగా పోయినప్పుడు మెదడు నుంచి విడుదలయ్యే వాసోప్రెసిన్ హార్మోన్ నాళికల చివర మూత్రాన్ని పోగుచేసే సంగ్రహణ నాళాల గోడల్లో నీటికి దారులు తెరిస్తే, ఆ ఉప్పదనమే నీటిని లాగేస్తుంది. మీ మూత్రం చిక్కబడడం చాలావరకు ఈ ఏర్పాటు సరిగ్గా పనిచేస్తున్నదనడానికే గుర్తు.

హెన్లీ శిక్యపు ఆరోహణ భాగంలో ఉప్పు రవాణాను అడ్డుకునే ఫ్యూరోసమైడ్ మాత్ర వేసుకుంటే, నీటిని లాగే ఉప్పదనం తగ్గి మూత్రం పెరుగుతుంది. అయితే ఉప్పు రవాణా ఆగితే ఎప్పుడూ మూత్రం పెరుగుతుందని అనుకోరాదు. ఒంట్లో నీరు మరీ తగ్గి రక్తపోటు పడిపోతే వడపోతే తగ్గుతుంది. మామూలుగానే ఆక్సిజన్ తక్కువగా అందే మూత్రపిండపు లోపలి భాగంలో కణాలు దెబ్బతిని, నాళికలు మూసుకుపోయి మూత్రం దాదాపు ఆగిపోవచ్చు. ఒళ్లునొప్పులకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు వేసుకునే అలవాటుంటే ఎండలో పనిచేసే రోజుల్లో ఈ ముప్పు ఎక్కువ. నీళ్లు తాగుతున్నా సగం రోజు మూత్రం రాకపోతే, కళ్లు తిరిగితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.