నిన్న 180, ఈరోజు 110: కండరాల సెన్సర్ అంకెలను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న: కండరాల విద్యుత్ చర్యను ఫోన్‌లో చూపే సర్ఫేస్ ఈఎంజీ పరికరం కొన్నాను. అదే డంబెల్‌తో అదే వ్యాయామం చేసినా నిన్న 180 మైక్రోవోల్టులు, ఈరోజు 110 చూపింది. పరికరం పాడైందా, నా కండరం బలహీనపడిందా?

జవాబు: ఈ తేడాను బట్టి ఆ రెండింటిలో ఏదీ తేల్చలేము. కండరంలో పుట్టే సంకేతం కొవ్వు పొరను దాటి చర్మం పైకి వచ్చేసరికి బాగా బలహీనపడుతుంది కాబట్టి, ఎలక్ట్రోడ్‌ను (సంకేతాన్ని అందుకోవడానికి చర్మంపై అతికించే బిళ్ళను) నిన్నటి చోటు నుంచి ఒక సెంటీమీటరు పక్కన అతికించినా అంకె మారిపోతుంది. నాడి కండరాన్ని చేరే ప్రాంతానికి చెరొక వైపున ఎలక్ట్రోడ్లు పడితే మరీ చిక్కు: అక్కడి నుంచి సంకేతాలు రెండు దిక్కులకూ ప్రయాణిస్తాయి, పరికరం కొలిచేది రెండు ఎలక్ట్రోడ్ల మధ్య తేడాను, అందువల్ల అవి చాలావరకు పరస్పరం రద్దై, కండరం గట్టిగా పనిచేస్తున్నా తెరపై చిన్న అంకే కనిపిస్తుంది. పక్క కండరం సంకేతం కలవడం, చెమట, మోచేయి వంచినప్పుడు చర్మం కింద కండరం జరగడం కూడా కొలతను మారుస్తాయి.

ఎలక్ట్రోడ్లను తీయకుండా ఒకే పూట తీసుకున్న కొలతలను పోల్చుకోవచ్చు. రోజులు మారితే మైక్రోవోల్టులను నేరుగా పోల్చడం తగదు. సర్ఫేస్ ఈఎంజీ కొలతల కోసం యూరప్‌లో రూపొందిన సెనియమ్ సిఫార్సుల ప్రకారం ఎలక్ట్రోడ్ల మధ్య 20 మిల్లీమీటర్ల దూరం ఉంచి, కండర తంతువుల దిశలో అతికించాలి. ముందుగా అక్కడి వెంట్రుకలు తీసి చర్మాన్ని ఆల్కహాల్‌తో తుడవాలి. పెన్నుతో గుర్తు పెట్టుకుంటే మర్నాడు అదే చోటు దొరుకుతుంది. ఆపైన, ప్రతి పూటా మోచేతిని ఒకే కోణంలో కదలకుండా ఉంచి, కొన్ని సెకన్లపాటు పూర్తి శక్తితో బిగించి, ఆ విలువను 100 శాతంగా తీసుకొని మిగతా కొలతలను అందులో శాతంగా చూడండి. నా దృష్టిలో ఈ ఒక్క అలవాటు ఖరీదైన పరికరం కన్నా ఎక్కువ మేలు చేస్తుంది, అయితే ఆ బిగింపు ప్రతిసారీ నిజంగా పూర్తి శక్తితోనే జరగాలి.

పరికరం వివరాల పత్రంలో శాంప్లింగ్ రేటు, అంటే సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తుందో కూడా చూడండి. ఈ సంకేతం సుమారు 500 హెర్ట్జ్ దాకా విస్తరిస్తుంది కనుక దానికి రెట్టింపు, అంటే సెకనుకు కనీసం 1,000 నమూనాలు కావాలి. ముంజేతికి తొడిగే ఈఎంజీ పట్టీ, ఒకప్పటి మయో ఆర్మ్‌బ్యాండ్, 200 మాత్రమే తీసుకునేది; చేతి సైగలను గుర్తించడానికి అది చాలింది గానీ, కండరాన్ని అధ్యయనం చేయడానికి చాలదు.

ప్రశ్న: సెట్ చివర్లో, బరువు మార్చకపోయినా అంకె పెరుగుతోంది. బలం పెరిగినట్టేనా?

జవాబు: కాదు, అది చాలావరకు అలసట. అలసిన తంతువుల లోటును పూడ్చడానికి నాడీవ్యవస్థ మరిన్ని తంతువులను పనిలోకి దించడంతో అంకె పెరుగుతుంది, అదే సమయంలో సంకేతపు సగటు ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది. మీ యాప్ ఫ్రీక్వెన్సీని కూడా చూపిస్తే, మోచేతిని కదపకుండా బరువును నిలిపి ఉంచి ఆ రెండింటినీ కలిపి చూడండి.